పీపాలాయన మనవడు

పోయిన వారం మా అన్న కొడుకు ఊరి నుంచి వస్తూ ఒక పొడుగాటి అట్టగొట్టం చంకలో పెట్టుకుని వచ్చాడు. "అమెరికా నుంచి వచ్చింది కాకా. నీ పేరు జెప్తే ఊళ్లె ఎవలికీ ఎరుక లేదట. పోస్టుమన్ మూడు రోజులు తిరిగి తిరిగి ఆఖరికి మా ఇంట్లేసి పోయిండు" అన్నాడు. నేను పుట్టిన ఊళ్లో నా పేరు ఎవరికీ తెలియదట. సరే, ఆ సంగతి అలా ఉంచండి.

గొట్టంలో రెండు డ్రాయింగ్ షీట్లు, ఒక ఉత్తరం ఉన్నాయి. ఉత్తరం రాసింది నేను ఎన్నడూ చూడని ఒక అమెరికా ఆవిడ. వాళ్ల నాన్న చలికాలంలో పోయాడట. తొంభై దాటాయట. ఆయన కాగితాలు సర్దుతుంటే ఈ రెండు షీట్లు విడిగా చుట్టి కనిపించాయట. ఒకదాని మీద నా పేరు, మా ఊరు, జిల్లా రాసి ఉన్నాయి గనక పంపిస్తున్నానని రాసింది.

చదివి నేను ఏడవలేదు. ఉన్నమాట చెప్పాలంటే ముందు నాకు తోచింది, చచ్చిపోయాక కూడా ఈయన కాగితాలు వరసగా సర్దిపెట్టేవాళ్లు ఉన్నారే అని. ఆ మనిషి మీద నాకున్న కుళ్లు అలాంటిది. ముప్పై ఏళ్లు దాటినా ఎక్కడికీ పోలేదు.

కువైట్ యుద్ధం నాటికి నేను సౌదీలో జుబైల్‌లో ఒక పెద్ద ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ని. కరీంనగర్‌లో ఐటీఐ చదివి వెళ్లినవాణ్ని. ఆ పోయినాయన అక్కడ మా చెకర్. అంటే మేం గీసిన ప్రతి డ్రాయింగూ ఆయన చేతిలో పడాల్సిందే. ఆయన బల్ల మీద రెండు పెన్సిళ్లు ఉండేవి, ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. ప్రతి అంకెనూ, ప్రతి గీతనూ విడివిడిగా సరిచూసి, సరిగా ఉంటే దాని మీద పసుపు పూసేవాడు. తప్పుంటే ఎర్రగా చుట్టేవాడు. మూలన సంతకం, తేదీ వేసేవాడు. ఏ రంగూ లేకుండా మిగిలిందంటే ఆ అంకె నిజమో కాదో ఆయనకు తెలియలేదని అర్థం. అలాంటిది ఒక్కటి ఉన్నా షీటు ఆయన బల్ల దాటేది కాదు.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మోచేతుల దగ్గర నలిగిన చొక్కా. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని దాని కోసం బల్లంతా వెతుక్కునేవాడు. ఎవరైనా "తలమీదుంది సార్" అంటే థాంక్స్ చెప్పేవాడు గానీ నవ్వేవాడు కాదు. టీ ఎప్పుడూ చల్లారిపోయాకే తాగేవాడు. ఇవన్నీ భరించొచ్చు. భరించలేనిది ఆయన పూర్వీకుడు.

మూడు వందల ఏళ్లకు పైగా కిందట ఇంగ్లండు నుంచి ఓడెక్కి అమెరికా ఒడ్డున దిగిన ఒక పీపాలు చేసే మనిషి ఆయన వంశానికి మొదటివాడు. ఆ మనిషి గురించి ఈయన ఇరవై ఏళ్లుగా ఉత్తరాలు రాస్తున్నాడు. కోర్టు గుమాస్తాలకు, చర్చిలకు, ఊరూ పేరూ తెలియని దూరపు చుట్టాలకు. కంపెనీ పోస్టుబాక్సులో వారానికి నాలుగైనా జవాబులు వచ్చేవి. సెలవు దొరికితే మేం బొంబాయి మీదుగా ఇంటికి పరుగెత్తేవాళ్లం. ఆయన స్మశానాలకు వెళ్లి రాళ్ల మీద కాగితం పెట్టి, సుద్ద రుద్ది, చెరిగిపోయిన అక్షరాలు ఎత్తుకొచ్చేవాడు.

పైగా ఆ పీపాలాయన నిన్నగాక మొన్న పక్క వీధిలోకి అద్దెకు దిగినట్టు మాట్లాడేవాడు. పొద్దున్నే వచ్చి, కుర్చీలో కూర్చుంటూ, "ఆయన ఇంకో ఆవును కొన్నాడు" అనేవాడు. అంటే ఆ ఆవు సంగతి ఉన్న కాగితం ముందురోజు పోస్టులో వచ్చిందన్నమాట. ఒకరోజు ముఖం వేలాడేసుకుని వచ్చాడు. ఏమైందని అడిగితే, "రెండో భార్య పోయింది" అన్నాడు. ఆఫీసులో ఒక ఫిలిప్పీన్ కుర్రవాడు నిజమనుకుని చేయి పట్టుకుని ఓదార్చాడు.

ఆ పీపాలాయన చనిపోయాక ఇంట్లో ఏమేం ఉన్నాయో రాసిన జాబితా నకలు ఆయన దగ్గర ఉండేది. ఒక ఇత్తడి కెటిలు, రెండు దిండ్లు, సగం పడవ, ఒక ఆవు, ఒక విరిగిన కుర్చీ. నాకు కడుపు మండిపోయేది. ఎప్పుడో పోయిన పీపాలవాడి దిండ్లు ఎన్నో లెక్క ఉంది. మా తాత ఎప్పుడు పోయాడో మా బాపుకే సరిగ్గా తెలియదు. "ఆ ఏడు వానలు బాగ పడ్డయి" అనేవాడు, అంతే.

మా వైపు పెత్తర అమాసకు పెద్దల పేరు మీద బియ్యం ఇస్తారు. అయ్యగారు వచ్చి అరుగు మీద కూర్చుని మూడు తరాల పేర్లు అడుగుతాడు. తండ్రి పేరు, తాత పేరు, తాత తండ్రి పేరు. బాపు మొదటి రెండూ చెప్పి, మూడోదాని దగ్గర తల గోక్కుంటూ, "యాదికి లేదు అయ్యగారూ" అనేవాడు. అయ్యగారు తనకు తోచిన దేవుడి పేరు ఒకటి పెట్టి మంత్రం కానిచ్చేవాడు. పక్కింటివాళ్లు గడగడా మూడూ చెప్పేవాళ్లు. చిన్నప్పుడు ఆ పూట నేను ఇంట్లో ఉండేవాణ్ని కాదు.

అలాంటి నన్ను ఏరికోరి పట్టుకున్నాడు ఆయన. నా అక్షరాలు బాగుంటాయని. తన వంశవృక్షం అంతా ఒక పెద్ద షీటు మీద ఇంకుతో గీసిపెట్టమని అడిగాడు. అమెరికాలో వాళ్ల ఊళ్లో ఎనభై అయిదు దాటిన తల్లి ఉందట. చిన్నప్పటి నుంచీ పీపాలాయన కథలు చెప్పి పెంచిందట. ఆమె కళ్లు పోకముందే ఆ షీటు తీసుకెళ్లి గోడకు పెడతానని మాటిచ్చాడట. కాదనలేకపోయాను. శుక్రవారం శుక్రవారం ఆయన క్వార్టరుకు వెళ్లి గీసేవాణ్ని. నా రూంమేటు రాజన్న, జగిత్యాల దిక్కు వెల్డరు, నేను బయల్దేరినప్పుడల్లా దెప్పేవాడు.

"ఏంది తమ్మీ, మల్ల పీపాలోని మనుమని ఇంటికేనా? జుమ్మా ఒక్కరోజు సెలవు. గదిగూడ గాళ్ల తాతలకే వెడ్తవా?"

"ఏం జేద్దునన్నా, అడిగిండు."

"మన తాతల ముచ్చట ఎవడన్న అడిగిండా?"

ఆ మాట గుచ్చుకుంది. ఆ శుక్రవారం గీస్తూ గీస్తూ కావాలనే అడిగాను, పీపాలాయన కొన్న భూమి అంతకుముందు ఎవరిదని. ఆయన కళ్లజోడు తీశాడు. "కాగితంలో లేదు. ఒక కోటు, ఒక కెటిలు ఇచ్చాడని మాత్రం ఉంది. ఎవరికిచ్చాడో పేరు రాయలేదు" అన్నాడు. తన నోటుబుక్కులో ఆ చోట ప్రశ్న గుర్తు వేసుకున్నాడు. నేను ఏదో గెలిచినట్టు రూముకు వచ్చాను.

అప్పటికే సద్దాం కువైట్‌లో కూర్చున్నాడు. మా రోడ్ల మీద అమెరికా ట్రక్కులు తెంపు లేకుండా పోతుండేవి. ప్లాంటు సగం మందితో నడిచేది. వెళ్లగలిగినవాళ్లు వెళ్లిపోయారు. మా పాస్‌పోర్టులు మమ్మల్ని పనికి తెచ్చుకున్న ఖఫీల్ దగ్గర. జేబులో అక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, ఇకామా తప్ప ఏమీ లేదు. ఆయన పాస్‌పోర్టు ఆయన చొక్కా జేబులోనే, కళ్లజోడు పెట్టె పక్కన ఉండేది. ఎప్పుడు కావాలంటే అప్పుడు పోవచ్చు. అయినా పోలేదు. షీటు పూర్తి కాలేదని. దానికి కూడా నాకు ఒళ్లు మండింది. పోగలిగి ఉండి పోకపోవడం కంటే దర్జా ఇంకేముంటుంది?

యుద్ధం మొదలైన వారం గ్యాసు మాస్కులు పంచారు. ముందు అమెరికావాళ్లకు వచ్చాయి, మాకు వస్తాయన్నారు. ఒక మధ్యాహ్నం సైరన్ మోగింది. ఆయన డ్రాయర్ తెరిచి, మాస్కు తీసి, పట్టీలు బిగించుకుని, మళ్లీ బల్ల మీదికి వంగి పసుపు పూసుకుంటూ కూర్చున్నాడు. మేం పదిమందిమి గోడకు ఆనుకుని ఆయన్నే చూస్తున్నాం. కాసేపటికి తలెత్తాడు. ఆ గాజు కళ్లలోంచి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. మాస్కు తీసి డ్రాయర్‌లో పడేసి మూశాడు. సారీ అనలేదు. ఆ తర్వాత మా మాస్కులు వచ్చేదాకా మాత్రం ఆ డ్రాయర్ తెరవలేదు.

నేను చేసిన పని ఆ రోజుల్లోనే. ఒక శుక్రవారం వంశవృక్షంలో చివరి పేరు రాసేశాను. మొత్తం పన్నెండు తరాలు. పైన పీపాలాయన పేరు పక్కన ఆయన చెప్పినట్టే చిన్న ఓడ బొమ్మ గీశాను, మొదట వచ్చినవాడు అని గుర్తు. ఆయన దాన్ని చాలాసేపు చూసి, లోపలికి వెళ్లి, ఒక ఖాళీ షీటు తెచ్చి నా ముందు పరిచాడు.

"ఇప్పుడు మీది" అన్నాడు.

"మాదేముంది సార్."

"మీ పేరుతో మొదలుపెడదాం. నేను రాస్తాను. మీ నాన్న?"

చెప్పాను. తాత పేరు చెప్పాను. నాయనమ్మ పేరు అడిగాడు. లచ్చవ్వ అన్నాను. మేం బాపమ్మ అంటాం. ఆమె ఎక్కడిదని అడిగితే తెలిసినంతా చెప్పాను. ఏదో కరువులో గోదావరి అవతలి నుంచి మా ఊరికి నడిచి వచ్చారట, ఆమే, మా తాతా, ఇద్దరు పిల్లలూ. ఇసుర్రాయి రెండు రాళ్లూ మోయలేక కింది రాయి అక్కడే వదిలేసి, పై రాయి ఒక్కటే బట్టలో చుట్టి నెత్తిన పెట్టుకుని తెచ్చుకుందట. ఆ మాట వినేసరికి ఆయన పెన్ను ఆగిపోయింది.

"ఒక్క రాయితో ఏం చేద్దామని?"

"కింది రాయి ఎక్కడైనా దొరుకుతదని అనుకుందట సార్. ఇంట్లో అందరూ చెప్పుకుని నవ్వుతారు."

ఆయన నవ్వలేదు. రాయి ఎంత పెద్దది, ఇప్పుడెక్కడుంది, పిల్లలు నడిచారా, ఎత్తుకున్నారా అని అరగంట అడిగాడు. తెలిసినవి చెప్పాను. తర్వాత పెన్ను తాత పేరు మీదికి జరిపి, "ఈయన తండ్రి?" అన్నాడు.

గోడకు ఆనించి పన్నెండు తరాలు నిలబడి ఉన్నాయి. ఇంకు ఇంకా ఆరలేదు. నేను ఎన్నో శుక్రవారాలు వంగి వంగి గీసిన గీతలవి. యాదికి లేదు అని చెప్పాలి. మా బాపు అరుగు మీద తల గోక్కుంటూ చెప్పినట్టు.

"రాజయ్య" అన్నాను.

"ఆయన తండ్రి?"

"ఎంకయ్య."

ఒకసారి మొదలుపెట్టాక ఆగడమెలాగో తెలియలేదు. ఎనిమిది పేర్లు చెప్పాను. రాజన్న పేరు, వాళ్ల నాన్న పేరు, మా స్కూలు ప్యూను పేరు, మెస్సులో వంటాయన పేరు, ఏది గుర్తొస్తే అది. పుట్టిన సంవత్సరం అడిగినప్పుడల్లా మనసులో ఇరవై ఐదు తీసేసి చెప్పాను. చిట్టచివరి ఆయన గోల్కొండ కోటలో ఫిరంగులు లాగే తాళ్లు పేనేవాడని కూడా అన్నాను. ఎవరు చెప్పారని అడిగితే మా బాపమ్మ అన్నాను. పాపం ముసలిది, ఆమె మీద పెట్టేశాను. ఆయన అన్నీ రాసుకున్నాడు. ఊరి చిరునామా అడిగి అది కూడా రాసుకున్నాడు. వచ్చేటప్పుడు నాకు తేలిగ్గా ఉంది. ఇప్పుడు మనకూ ఉన్నారు, పదకొండు తరాలు. ఆయన కంటే ఒక్కటే తక్కువ.

వారం రోజులు ఆ తేలిక ఉంది. తర్వాతి శుక్రవారం, షీటు గొట్టంలో పెట్టేముందు అసలు కాగితాలతో ఒకసారి పోల్చిచూడమని ఆయనే అన్నాడు. ఫోటోస్టాట్‌ల కట్ట రూముకు తెచ్చుకుని మూడు నాలుగు రోజులు తీరిక దొరికినప్పుడల్లా చూశాను. ఆరో తరం దగ్గర ఆగిపోయాను. ఒక చర్చి కాగితంలో తండ్రిని పూడ్చిన తేదీ ఉంది. ఇంకో ఊరి కాగితంలో కొడుకు పుట్టిన తేదీ ఉంది. తండ్రి పోయిన మూడేళ్లకు కొడుకు పుట్టాడు. రెండు కాగితాలూ వేరువేరు ఏళ్లలో వచ్చి ఉంటాయి, ఆయన ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. ప్రపంచంలో అందరి గీతలకూ పసుపు పూసే మనిషి తన షీటుకు మాత్రం పూయలేదు. ఆ తండ్రి ఈయన తండ్రి కాకపోతే, పైనున్న పీపాలాయన, ఆవు, కెటిలు, ఓడ, ఏవీ ఈయనవి కావు.

నాకెంత సంతోషమైందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఆ సాయంత్రం రాజన్నకు చెప్పాను. వాడు రొట్టెలు కాలుస్తున్నవాడల్లా తిరిగి చూశాడు.

"ఒక్కనికే జెప్పు తమ్మీ. పక్కకు వోయి జెప్పు. ముసలి పానం."

చెప్పొచ్చు. కానీ చెప్పలేదు. పొద్దున్నే షీటు తీసుకెళ్లి ఆఫీసు మధ్యలో ఆయన బల్ల మీద పరిచాను. ఆయన ఎర్ర పెన్సిలే తీసుకుని, అందరూ చూస్తుండగా ఆరో తరం చుట్టూ పెద్ద సున్నా చుట్టాను. రెండు కాగితాలూ పక్కన పెట్టాను. అంతా మూగారు. ఎవరో కిసుక్కున నవ్వారు కూడా.

ఆయన కళ్లజోడు కోసం బల్లంతా వెతుక్కున్నాడు. నుదుటి మీద ఉందని ఎవరూ చెప్పలేదు. చివరికి దొరికాక రెండు కాగితాలూ మార్చి మార్చి చదివాడు. తర్వాత నా చేతిలోంచి పెన్సిలు తీసుకుని, నేను చుట్టిన సున్నా పక్కన తన పద్ధతి ప్రకారం తేదీ వేశాడు.

"గుడ్ చెక్" అన్నాడు. అంతే.

ఆ రోజు నుంచి ఆవు లేదు, పడవ లేదు. పొద్దున్నే వచ్చి నేరుగా పసుపు పెన్సిలు తీసుకునేవాడు. యుద్ధం అయిపోయింది. కువైట్‌లో చమురు బావులు తగలబడి మధ్యాహ్నం పూట కూడా లైట్లు వేసుకుని గీసేవాళ్లం. ట్రేసింగ్ కాగితం మీద మసి నలుసులు పడేవి, ఊదుకుంటూ గీసేవాళ్లం. ఒకరోజు నన్ను పిలిచి, "షీటు మళ్లీ గీయాలి. ఆ చోట గీత తెంపేయండి. ఖాళీ వదలండి" అన్నాడు. మూడు వేళ్ల వెడల్పు ఖాళీ వదిలాను. పైన ఆరు తరాలు, కింద ఆరు తరాలు, మధ్యలో ఏమీ లేదు. కొత్త షీటు ఆయన తీసుకెళ్లాడు. ఎర్ర సున్నా ఉన్న పాతదాన్ని కూడా చుట్టి తీసుకెళ్లాడు.

ఆ వేసవిలోనే రిటైరై ఎగ్జిట్ వీసా మీద వెళ్లిపోయాడు. చివరి రోజు నా బల్ల దగ్గరికి వచ్చి, "ఆ రాయి ఇంకా ఉందేమో చూడండి" అన్నాడు. నేను సరేనన్నాను. చూడలేదు.

ఇప్పుడు కూతురు రాసిన ఉత్తరంలో ఉంది. ఆయన తన తల్లికి ఆ ఖాళీ ఉన్న షీటే చూపించాడట. ముసలావిడ వేలితో ఆ చోటు తడిమి చూసిందట. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆయన ఆ మూడు వేళ్ల జాగా కోసమే ఉత్తరాలు రాశాడట, అదే పేరున్న ఇంకో మనిషి ఎవరైనా ఉన్నారేమోనని. దొరకలేదట. అంటే పీపాలాయనను నేను ఆయన దగ్గర్నుంచి లాగేసుకున్నాను, మళ్లీ ఎవరూ తెచ్చివ్వలేకపోయారు.

గొట్టంలో ఉన్న మొదటి షీటు ఆ ఎర్ర సున్నాది. రెండోది నాది. ఆయన చేతిరాతతో మా వంశం.

నా పేరు మీద పసుపు ఉంది. బాపు మీద, తాత మీద, లచ్చవ్వ మీద కూడా ఉంది. అక్కడితో ఆగిపోయింది. పైనున్న ఎనిమిది పేర్లకూ పసుపు లేదు. ఎరుపూ లేదు. ఒక్కో పేరుకూ ఇంకో పేరుకూ మధ్య సన్నటి మామూలు పెన్సిలుతో 25 అని వేసి ఉంది. 25, 25, 25, అలా పైదాకా. మనుషులు అంత కొలతగా పుట్టరని చెకర్‌కు చెప్పాలా? లచ్చవ్వ పేరు పక్కన, పీపాలాయన పక్కన ఓడ గీయమన్న చోటనే, గుండ్రంగా ఒక రాయి గీసి ఉంది. మధ్యలో రంధ్రంతో సహా.

మూలన సంతకం, తేదీ ఉన్నాయి. రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి చూశాను. నా షీటు మీది తేదీ ఎర్ర సున్నా తేదీకి పదకొండు రోజుల ముందుది. అంటే నేను అబద్ధం చెప్పి వచ్చిన ఆ శుక్రవారమే సరిచూశాడు. ఆఫీసు మధ్యలో నేను ఎర్ర పెన్సిలు పట్టుకుని నిలబడ్డప్పుడు, చుట్టూ అందరూ చూస్తున్నప్పుడు, ఆయనకు అంతా తెలుసు. ఒక్క మాట చాలు, నన్ను అక్కడే నిలువునా పాతిపెట్టేవాడు. గుడ్ చెక్ అన్నాడు.

మా అన్న కొడుకు ఇంకా వెళ్లలేదు. పిలిచి, మా బాపమ్మ తెచ్చిన ఇసుర్రాయి పైరాయి ఉందా అని అడిగాను.

"ఉన్నది కాకా. మోటరు మీద రేకు లేవకుండ బరువు వెట్టినం. ఏం, గావాల్నా?"

"కావాలె. తీస్కరా."

బ్లేడు సగానికి విరిచి, పాతకాలంలో డ్రాయింగ్ మీద తప్పు పడ్డ ఇంకు గీకినట్టు ఆ ఎనిమిది పేర్లూ గీకేశాను. కాగితం చిరగలేదు. నా తప్పు చూసి ఆయన పదకొండు రోజులు నోరు మూసుకున్నాడు, ఆపైన ముప్పై ఏళ్లు మూసుకున్నాడు. ఆయన తప్పు చూసి నేను ఒక్క రోజు ఆగలేకపోయాను. పోయిన మనిషి మీద ఇంకా కుళ్లేమిటని అనుకుంటాను. ఏం చేయను, ఉంది. ఇప్పుడు మాత్రం ఆ పన్నెండు తరాలను చూసి కాదు, ఆ గుడ్ చెక్‌ను చూసి.